గని మూతపడిన తరువాత మిగిలిన పేర్లు
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికకు వ్యాసములు పంపుమని కబురు వచ్చినప్పుడు మేము మొదట వెనుకాడాము. పెద్ద సంఘములకు పెద్ద దేవాలయములున్నాయి, మిషనరీల కాలమునాటి పాఠశాలలు, ఆసుపత్రులు ఉన్నాయి. మాకేమున్నది? మూతపడిన ఒక బొగ్గు గని, సగము కూలగొట్టిన క్వార్టర్ల లైన్లు, రేకుల కప్పు వేసిన చిన్న గుడి, చెదలు పట్టకుండా మిగిలిన రెండు రిజిస్టర్లు. వీటిలో రాయదగిన చరిత్ర ఏముంటుందని అనుకున్నాము. ఆ మాట తప్పని ఈ సంవత్సరమే తెలుసుకున్నాము. ఎలా తెలిసిందో మీతో చెప్పుకొనడానికే ఈ కొన్ని మాటలు.

మన ప్రాంతపు బొగ్గు కథ మన జిల్లాలో మొదలు కాలేదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో అక్కడ తవ్వకము మొదలైంది. ఆ చోట ఉన్న సింగరేణి అనే చిన్న పల్లె పేరే 1920లో ఏర్పడిన కంపెనీకి పెట్టారు. ఆ బొగ్గు బయటికి పోయే రైలు శాఖ డోర్నకల్ దగ్గర పెద్ద లైనులో కలిసేది. 1912లో ఆ డోర్నకల్‌కు మొదటి బిషప్పుగా అభిషిక్తులైనవారు వి. ఎస్. అజరయ్యగారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. బొగ్గు బండి, సువార్త బండి ఒకే స్టేషనులో ఆగేవని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు.

ఆదిలాబాద్ వైపు గనులు రావడానికి కూడా రైలే కారణము. కాజీపేట, బల్హార్షా నడుమ మార్గము 1929 నాటికి పూర్తయింది. ఆ రోజులలోనే బెల్లంపల్లి దగ్గర తాండూరు బొగ్గు క్షేత్రములో పని ప్రారంభమైంది. అడవి కొట్టి షెడ్లు వేశారు, షెడ్ల పక్కన లైన్లు లేచాయి, లైన్ల పక్కన అంగడి వెలసింది. తరువాతి దశాబ్దములలో మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, గోదావరి అవతల గోదావరిఖని పెరిగాయి. శాంతిఖని, కళ్యాణిఖని, రవీంద్రఖని అని గనులకు మంచి పేర్లు పెట్టారు. పనివారు మాత్రము అన్నిటినీ "బాయి" అనే పిలిచారు. బాయికి పోయిండు, బాయి నుంచి వచ్చిండు, బాయిల పడ్డడు. మా ఇళ్లలోని సంతోషమూ దుఃఖమూ ఆ మూడు మాటలలోనే ఉండేవి.

మా తాతలు ఎక్కువమంది కరీంనగర్, వరంగల్ పల్లెల నుండి వచ్చినవారు. నిజాము కాలములో దొర గడీలో కూలి లేకుండా చేసే వెట్టిని వదిలించుకొని రాత్రికి రాత్రి నడిచి వచ్చినవారు వారిలో ఉన్నారు. గనిలో ప్రాణభయము ఉన్నది, నిజమే. కాని చేసిన పనికి చేతిలో డబ్బు పడింది. చెప్పులు వేసుకొని వీధిలో నడిస్తే ఆపేవాడు లేడు. పల్లెలో వేరు బావి నీళ్లు తాగినవారు, ఇక్కడ లైను పంపు దగ్గర అందరితో పాటు బిందె వరుసలో పెట్టారు. పంపు దగ్గర తగాదాలు రాలేదని మేము చెప్పము, చాలా వచ్చాయి. కాని అవి వరుస కోసము వచ్చిన తగాదాలు.

ఆ పని ఎలా ఉండేదో మన పిల్లలకు తెలియదు గనుక కొంచెము చెప్పాలి. తట్టా చెమ్మసు పట్టుకొని, టోపీకి దీపము తగిలించుకొని దిగేవారు. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులలో నింపేవాడు కోల్ ఫిల్లర్. బొగ్గును తవ్వుతూ పోయేటప్పుడు పైకప్పును మోయడానికి పెద్ద బొగ్గు స్తంభములు విడిచిపెట్టేవారు. చివరకు ఆ స్తంభములను కూడా తీసేటప్పుడే కప్పు కూలే భయము ఎక్కువ. పైన ఊరు గాని, వాగు గాని ఉన్నచోట భూమి కుంగకుండా ఖాళీ అయిన భాగములో ఇసుకను నీటితో కలిపి నింపేవారు. మన కాళ్లక్రింద కొన్నిచోట్ల ఉన్నది మట్టి కాదు, మన పెద్దలు నింపిన ఇసుక.

షిఫ్టు మారేటప్పుడు కూత వినబడేది. దానికి ఎవరూ తల ఎత్తేవారు కాదు. వేళకాని వేళ కూత వస్తే మాత్రము పొయ్యి మీది అన్నము పొయ్యి మీదనే ఉండేది. ఆడవారందరు గని గేటు దగ్గరకు పరుగెత్తేవారు. అప్పటి బీహారులోని చస్‌నాలలో 1975 డిసెంబర్ 27న గనిలోకి నీరు చొరబడి 370 మందికి పైగా చనిపోయినప్పుడు, ఇంత దూరాన మా లైన్లలో కూడా ఏడ్చారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో నీటి ప్రమాదములో 17 మంది మరణించినప్పుడు అది దూరపు వార్త కాదు. బెల్లంపల్లి, మందమర్రి నుండి బదిలీ అయి పోయిన మన బంధువులు ఎందరో అప్పుడు అక్కడ పనిచేస్తున్నారు.

ఇక మా గని సంగతి. బొగ్గు అయిపోయి కొన్ని గనులు, ఖర్చు పెరిగి కొన్ని గనులు మూతపడ్డాయి. తట్టల స్థానములో యంత్రములు, భూగర్భ గనుల స్థానములో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఒకనాడు లక్షకు పైగా ఉన్న కంపెనీ కార్మికుల సంఖ్య నేడు అందులో సగము కూడా లేదు. మా లైన్లలోని కుటుంబములు శ్రీరాంపూర్‌కు, గోదావరిఖనికి, భూపాలపల్లికి చెదిరిపోయాయి. తలుపులు, దూలములు ఊడదీసిన క్వార్టర్లలో తుమ్మ చెట్లు మొలిచాయి. 2016లో బెల్లంపల్లి, మందమర్రి కొత్త మంచిర్యాల జిల్లాలోకి వచ్చాయి. ఆదిలాబాద్ అన్న పేరు కూడా మా చిరునామానుండి పోయింది.

ఈ పరిస్థితిలో, వ్యాసము రాయడానికి ముందు ఒక సాయంత్రము పాతవారినందరినీ పిలుద్దామని తీర్మానించాము. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఏదైనా తెమ్మన్నాము. టిఫిన్ డబ్బాలు, ఇత్తడి బిళ్లలు, పెండ్లి ఫోటోలు తెచ్చారు. అరవై మందికి చాయ్ పెట్టించాము, అది చాలలేదు. మన సంఘమువారే కాదు, మా లైనులో ఉన్న ముస్లిం కుటుంబమువారు, బతుకమ్మకు మా ఇంటి ముందునుండి పూలు కోసుకొనిపోయిన అక్కలు కూడా వచ్చారు. ఒక పెద్దవ్వ, "బాయిల దిగినోడు ఇల్లు చేరేదాంక మాకు ఆకలి కాకపోయేది బిడ్డా" అన్నది. గని దిగనివారి చరిత్ర ఆ ఒక్క మాటలో ఉన్నది. 1952 గనుల చట్టము స్త్రీలు భూగర్భములో పనిచేయరాదన్నది, 2019లో కేంద్ర ప్రభుత్వము షరతులతో అనుమతించింది. కాని భయమును మోసే పనికి మన స్త్రీలకు ఏ చట్టమూ సెలవు ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే మాకు సిగ్గు కలిగించిన సంగతి కూడా బయటపడింది. దానిని దాచిపెట్టి ఈ వేదిక ఎక్కడము న్యాయము కాదు.

గోదావరిఖని నుండి వచ్చిన ఒక సహోదరి తన తండ్రి జీతపు చీటీల కట్ట తెచ్చింది. ఆయన కోల్ ఫిల్లర్. ఆయన పేరు కోసము మా రిజిస్టర్లు తీశాము. 1974 గుడి కట్టడపు చందాల పుటలో ఆయన పేరు ఉన్నది, పది రూపాయలు ఇచ్చాడు. 1976 సంఘ సభ్యుల పట్టికలో ఆ పేరు మీద ఎర్ర సిరా గీత ఉన్నది. పక్కన, ఆదివార ఆరాధనకు రానందున తీసివేయడమైనది అని రాసి ఉన్నది. ఆ పుట ఆమె చూడకముందే మూయబోయాము. ఆమె చూసింది.

కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చీటీలు మా ముందు పెట్టి, "మా నాయిన దేవుని మీద అలిగి రాకుండ ఉండలేదు అయ్యా. చిన్నాయిన బాయిల పోయిండు. ఆయన పిల్లలు ముగ్గురు, మేము నలుగురము. ఆదివారం ప్లేడే చేస్తే డబుల్ పైసలు వస్తయని పోయిండు. ఎందుకు వస్తలేవని ఎవ్వరు అడుగలే" అన్నది.

ఎవరూ అడుగలేదు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆయన భార్య ప్రతి ఆదివారము ఏడుగురు పిల్లలతో వచ్చి వెనుక చాప మీద కూర్చొనేది. మాలో కొందరము ఆ పిల్లల పక్కనే కూర్చున్నవారము. ఆమెనైనా అడిగి ఉంటే తెలిసేది. ఆనాటి కమిటీ పెద్దలు చెడ్డవారు కారు. వారిలో ఎక్కువమంది ఆదివారము సెలవు ఉన్న గుమాస్తాలు, ఉపాధ్యాయులు. నియమమును ప్రేమించారు. కాని ఆదివారము సెలవు లేని ఇల్లు ఎలా నడుస్తుందో వారికి తట్టలేదు.

ఆ పుటను ఏమి చేయాలని కమిటీలో రెండు గంటలు వాదించుకున్నాము. చింపివేయాలని కొందరు అన్నారు. చనిపోయిన పెద్దలను ఇప్పుడు తప్పుపట్టడమెందుకని కొందరు అన్నారు. చివరకు ఏకముగా తీర్మానించినది ఇది: ఎర్ర గీతను చెరపము. చెరిపితే మన తప్పును కూడా చెరిపినవారమవుతాము. దాని క్రింద, ఈ సహోదరుడు తమ్ముని పిల్లలను పోషించుటకై ఆదివారములు పనిచేసెను, సంఘము విచారింపక పేరు తీసివేసెను, ఇప్పుడు తిరిగి చేర్చుకొనుచున్నది అని తేదీ వేసి రాశాము. అందరమూ సంతకములు పెట్టాము. ఆ సహోదరిని కూడా పెట్టమన్నాము. ఆమె తండ్రి పేరు తానే రాసి, క్రింద తన పేరు రాసింది.

ఆ సాయంత్రము జరుగకపోతే, ఆమె చీటీలు ఆమె పెట్టెలో, మా రిజిస్టరు మా బీరువాలో ఉండిపోయేవి. రెండూ ఒకచోటికి వస్తేనే నిజము తెలిసింది. అందుచేత గని ఊళ్లలోని ఇతర సంఘములవారికి మేము మనవి చేసేది ఒక్కటే, ఆలస్యము చేయకండి. తట్టతో బొగ్గు ఎత్తినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారిని కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరినుండి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఏ గనిలో ఏ పని చేశారు, మీ పక్క ఇంటివారు ఎవరు, మీరు ఎవరిని మట్టి చేశారు అని అడగండి. ఒకే సంగతిని ఇద్దరు రెండు విధములుగా చెబితే రెండూ రాయండి. సంవత్సరములను రిజిస్టరుతో, చీటీతో సరిచూడండి. మంచి మాటలే ఏరుకొని రాయకండి. మన సంఘమువారి పేర్లే కాక, శవపేటిక మోయడానికి భుజము ఇచ్చిన ప్రతివారి పేరూ రాయండి.

యోర్దాను దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించినది, వీటి సంగతి ఏమిటని పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికే గదా. మనకు నిలబెట్టడానికి రాళ్లు కూడా అవసరము లేదు. బొగ్గు తీసిన మట్టి గుట్టలై ఊరి చుట్టూ నిలబడే ఉన్నది. పిల్లలు అడుగుతూనే ఉన్నారు. చెప్పేవారు మనలో ఉండగానే చెప్పుదాము.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత, మా గనిలో పనిచేసినవారి పేర్లు చదువుతాము. ఇంతవరకు సేకరించినవి 143. మీ ఇంటి పేరు అందులో లేకపోతే లేచి చెప్పండి. రాసుకొనడానికి రిజిస్టరు తెరిచి ఉంచుతాము.