గంజి, అయోడిన్, ఒక మందుసీసా



మేము బళ్ళో సైన్సు చెప్పుకునేవాళ్ళం, డాక్టర్లం కాదు. అయినా హాస్టళ్ళకు మన సంఘం ఇచ్చే ప్రథమచికిత్స పెట్టెల గురించి మాట్లాడమన్నారు. అందులోని టింక్చర్ అయోడిన్ సీసా గురించే చెబుతాం.

అయోడిన్ మనకు కావలసిందే. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. అయోడిన్ కలిపిన ఉప్పుతో అది అందుతుంది. ఆ ఉప్పును అనుమానించనక్కర లేదు. సీసా సంగతి వేరు. మామూలు టింక్చర్‌లో అయోడిన్ 2 శాతం, దానికి తోడు పొటాషియం అయొడైడ్. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు మింగితే, మూడేళ్ళకు పైగా సరిపడే అయోడిన్ ఒక్క గుక్కలో పోయినట్టు. పైగా అది లోపలంతా కాలుస్తుంది. గొంతు మంట, నోట్లో లోహపు రుచి, కడుపునొప్పి, వాంతులు. ఎక్కువైతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మేము ఒక ఊళ్ళో పనిచేసేటప్పుడు, దగ్గుమందు ఖాళీసీసాలో పోసి ఉంచిన టింక్చర్‌ను రెండో తరగతి పిల్లవాడు తాగేశాడు. వాళ్ళ నానీ గొంతులో వేలు పెట్టి కక్కించబోయింది. అది మాత్రం వద్దు. పోతూ కాల్చింది వస్తూ మళ్ళీ కాలుస్తుంది. పక్కింటావిడ గంజి తాగించి ఆటోలో ఆస్పత్రికి పంపింది. పిల్లవాడు దక్కాడు. గంజి ఎందుకంటారా? బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేసి నీలం రంగు చూపిస్తామే క్లాసులో, అదే కథ. గంజిలోని పిండిపదార్థం అయోడిన్‌ను పట్టేసుకుంటుంది. నీలం పోయేదాకా పిండినీళ్ళతో కడుపు కడగడం ఆస్పత్రుల్లో పాత పద్ధతే. గంజి లేకపోతే పాలు. స్పృహ లేకున్నా, మింగలేకున్నా ఏమీ పొయ్యకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట తీసుకెళ్ళాలి.

ఆడవాళ్ళకు ఒక మాట. పసికందు బొడ్డుకు పోవిడోన్ అయోడిన్ పదేపదే రాస్తే, చర్మం గుండా లోపలికి పోయి థైరాయిడ్ మందగించవచ్చు. డాక్టరు చెబితేనే రాయండి.

ఇక దాతలకు మా విన్నపం. ఈ ఏడు ప్రతి పెట్టెకూ తాళం, ప్రతి సీసా మీదా తెలుగులో, ఉర్దూలో ‘తాగరాదు’ అనే చీటీ ఉండాలి. చీటీలు మా పిల్లలే రాస్తారు, తాళాల ఖర్చు మీరు భరించాలి. తాళంచెవి వార్డెన్ దగ్గర ఉండాలి గాని, పెట్టె పక్కన మేకుకు వేలాడకూడదు.