పిల్లల ఆటలు: లీగులు, టోర్నమెంట్లు, మన బాధ్యత

(మన సంఘ సభ్యులు, వారి కుటుంబాలవారు ద్వారకా నగర్‌లో కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఇంకేదైనా విషయం మీద మాట్లాడండి, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా వినేటట్టుండాలి" అన్నారు. అందుచేత ఆటల గురించి మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ఆటలతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఉంది. చివరికి ఆ పని గుమాస్తా పనే అని మీకే తెలుస్తుంది.

మన సంఘంలో రెండు రకాల తాతలు ఉన్నారు. ఒక రకం వారు తెల్లవారుజామున అయిదింటికి లేచి, మనవణ్ణి కిట్ బ్యాగుతో సహా స్కూటరు మీద ఎక్కించుకుని క్రికెట్ నెట్స్‌కు తీసుకువెళ్ళేవారు. రెండో రకం వారు ఆరు నెలలు అమెరికాలో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండి, శనివారం నాడు మడత కుర్చీ వేసుకుని బేస్‌బాల్ మైదానం గట్టున కూర్చునేవారు. నేను రెండు రకాలలోనూ ఉన్నాను. ఇక్కడైనా అక్కడైనా తాతలను పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఫలానా టోర్నమెంటుకు మనవాడు సెలక్టయ్యాడు. ఫీజు, ప్రయాణం, హోటలు ఇంత అవుతుంది. పంపుదామా?" ఆ మాట వినగానే మనకు కమ్యుటేషను డబ్బు గుర్తుకు వస్తుంది. సాయం చేయాలనే ఉంటుంది. కాని దేనికి సాయం చేస్తున్నామో తెలియాలి కదా. అందుకని లీగు అంటే ఏమిటి, ఛాంపియన్‌షిప్ టోర్నమెంటు అంటే ఏమిటి, పిల్లవాడికి దేనివల్ల ఎంత మేలు అనేది నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ముందు లెక్క చూద్దాం. పదహారు జట్లతో నాకౌట్ టోర్నమెంటు పెట్టారనుకోండి. మొత్తం ఆటలు పదిహేను. మొదటి రోజే ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటిదారి పడతాయి. మరో నాలుగు జట్లు రెండు ఆటలతో సరిపెట్టుకుంటాయి. నాలుగు ఆటలు ఆడేది ఫైనలుకు చేరిన రెండు జట్లే. అదే ఎనిమిది జట్లతో లీగు పెడితే మొత్తం ఇరవై ఎనిమిది ఆటలు. గెలిచినా ఓడినా ప్రతి జట్టూ ఏడు ఆటలు ఆడుతుంది. అంటే నాకౌట్‌లో సగంమంది పిల్లలు ఎక్కడో హోటల్లో దిగి, ఒక ఉదయం ఆడి, సామాను సర్దుకుని వచ్చేస్తారు. మన భాషలో చెప్పాలంటే లీగు సర్వీసు, టోర్నమెంటు డిపార్ట్‌మెంటల్ పరీక్ష. పరీక్ష ఉండవద్దని ఎవరూ అనరు. సర్వీసే లేనివాడికి పరీక్ష పెడితేనే చిక్కు.

ఇప్పుడు అమెరికా సంగతి. బేస్‌బాల్ మనకు కొత్త ఆట గనక రెండు ముక్కలు చెబుతాను. జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరేవాణ్ణి పిచ్చరు అంటారు. బంతి నేలమీద పడకుండా నేరుగా వస్తుంది. ముగ్గురు అవుటయితే ఒక ఇన్నింగ్స్ అయిపోయి అవతలి జట్టు బ్యాటింగుకు వస్తుంది. పెద్దవాళ్ళకు తొమ్మిది ఇన్నింగ్సులు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఆరు.

అక్కడ పిల్లల బేస్‌బాల్‌కు పెద్ద సంస్థ లిటిల్ లీగ్. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన మూడు జట్లతో మొదలుపెట్టారు. ఈనాడు చాలా దేశాలలో ఉంది. దాని పద్ధతి ఇలా ఉంటుంది. వసంతకాలంలో ఎవరి పేటలో వారికి లీగు. పిల్లల తండ్రులే జీతం లేకుండా కోచ్‌లుగా ఉంటారు. సీజను పూర్తయ్యాక ఆ లీగులోంచి బాగా ఆడినవాళ్ళను ఏరి ఒక జట్టు కడతారు. ఆ జట్టు జిల్లా, రాష్ట్రం, ప్రాంతం దాటుకుంటూ పోతే ఆగస్టులో విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే ప్రపంచ సిరీస్‌కు చేరుతుంది. ఆ పోటీ 1947 నుంచి జరుగుతోంది. పది నుంచి పన్నెండేళ్ళ పిల్లల ఆట అయినా టెలివిజన్‌లో దేశమంతా చూస్తుంది.

ఇందులో నాకు నచ్చినవి రెండు నిబంధనలు. మొదటిది: లీగు ఆటలలో జట్టులో పేరున్న ప్రతి పిల్లవాడికీ కనీసం ఒకసారి బ్యాటింగు, ఆరుగురు అవుటయ్యేంతసేపు ఫీల్డింగు ఇచ్చి తీరాలి. బాగా ఆడనివాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి గెలుస్తానంటే కుదరదు. రెండోది: 2007 నుంచి పిచ్చరు విసిరే బంతులకు లెక్క పెట్టారు. తొమ్మిది, పదేళ్ళ పిల్లవాడు రోజుకు 75, పదకొండు, పన్నెండేళ్ళవాడు 85 బంతులకు మించి విసరకూడదు. పద్నాలుగేళ్ళలోపువాడు ఒకరోజు 66, అంతకుమించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఎదిగే పిల్లల మోచేతి కీలు ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఆపరేషన్ల దాకా పోతూ ఉండటంతో ఈ లెక్క వచ్చింది.

ఇది కాక అక్కడ ఇంకో ప్రపంచం ఉంది. దాన్ని ట్రావెల్ బాల్ అంటారు. ప్రైవేటు క్లబ్బులు పిల్లలను ఏరుకుని, వారాంతాలలో ఊరూరా టోర్నమెంట్లకు తిప్పుతాయి. రెండు రోజులలో నాలుగైదు ఆటలు. ఎంట్రీ ఫీజు, యూనిఫారాలు, పెట్రోలు అన్నీ తల్లిదండ్రులవే. కొన్ని టోర్నమెంట్లలో నిర్వాహకులు చెప్పిన హోటల్లోనే దిగాలని షరతు. ఆట ప్రమాణం గట్టిగానే ఉంటుంది, కాదనను. కాని ఒకే పిల్లవాడు శనివారం ఒక జట్టుకు, ఆదివారం ఇంకో జట్టుకు బంతులు విసిరితే, ఆ మొత్తం ఎవరి పుస్తకంలో ఎక్కుతుంది? ఇంట్లో రాసుకోవలసిందే. మా మనవడి లెక్క నేనే ఒక నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. తేదీ, ఆట, బంతులు, విశ్రాంతి అని నాలుగు గళ్ళు గీసి పెట్టాను. నాకు ఎంతో అలవాటైన పని.

ఇక మన క్రికెట్. మన పిల్లలకు కూడా మెట్లు ఉన్నాయి. జిల్లా, ఆ పైన ఆంధ్ర జట్టు. పదహారేళ్ళలోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, పంతొమ్మిదేళ్ళలోపు వారికి కూచ్ బెహార్ ట్రోఫీ, ఒక్కరోజు ఆటకు వినూ మన్కడ్ ట్రోఫీ, ఇరవై మూడేళ్ళలోపు వారికి మన తెలుగువారి పేరు మీదనే సి.కె. నాయుడు ట్రోఫీ. వీటిలో ముందు గ్రూపులలో లీగు ఆటలు, ఆ తర్వాతే నాకౌట్. ఇది మంచి ఏర్పాటు. నేను చెప్పేది వీటి వెలుపల, సెలవుల్లో ఎక్కడెక్కడో పెట్టే పోటీల గురించి. జాతీయమని పెద్ద పేరు, పెద్ద కప్పు, మెడలో మెడల్ ఉంటాయి. మన ద్వారకా నగర్ వీధుల్లో కోచింగు సెంటర్ల బోర్డులు చూసినవాళ్ళకు ఆ రకం ప్రకటనలు కొత్త కాదు.

బేస్‌బాల్ కన్నా క్రికెట్‌కు లీగు మరింత అవసరమని నా అభిప్రాయం. కారణం చెబుతాను. బేస్‌బాల్‌లో ఆరు ఇన్నింగ్సులూ పూర్తిగా ఆడితే జట్టుకు పద్దెనిమిది అవుట్లు. తొమ్మిదిమంది వరుస తిరిగి తిరిగి వస్తుంది గనక, పిల్లవాడు మొదటిసారి అవుటయినా రెండోసారి అతని వంతు వస్తుంది. క్రికెట్‌లో మొదటి బంతికి అవుటయితే ఆ రోజుకు అంతే. ఇరవై ఓవర్ల ఆటలో ఉన్నవి 120 బంతులు. ఏడో స్థానంలో వచ్చే కుర్రవాడికి అందులో మిగిలేది ఎంత? బౌలరు కూడా కాకపోతే, నాలుగొందల మైళ్ళు రైల్లో వెళ్ళి ఎండలో నిలబడి ఫీల్డింగు చేసి వస్తాడు. ఒక్క ఆటతో వాడి విలువ ఎలా కడతాం?

ఇందుకు పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. 1988 ఫిబ్రవరిలో బొంబాయి స్కూళ్ళ హారిస్ షీల్డ్ సెమీఫైనల్లో శారదాశ్రమ్ స్కూలుకు ఆడుతూ సచిన్ తెండూల్కర్ 326, వినోద్ కాంబ్లీ 349, ఇద్దరూ అవుటు కాకుండా 664 పరుగులు జోడించారు. అది అందరికీ తెలుసు. వారి తర్వాత బ్యాటింగుకు వెళ్ళవలసిన కుర్రవాడు ప్యాడ్లు కట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. వంతు రానేలేదు. అతని పేరు అమోల్ మజుందార్. ఆ సెమీఫైనలే అతనికి పరీక్ష అయి ఉంటే స్కోరు పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా సున్నా కూడా ఉండదు. అయితే బొంబాయిలో ఏడాది పొడుగునా ఆటలు ఉంటాయి గనక బతికిపోయాడు. తర్వాత మొదటి రంజీ ఆటలోనే 260 పరుగులు చేశాడు. భారత జట్టులో చోటు దొరకకపోయినా రంజీలో పేరు నిలబెట్టుకున్నాడు. చివరి రోజుల్లో మన ఆంధ్ర జట్టుకూ ఆడాడు. 2025 నవంబరులో మన మహిళల జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

ఆడపిల్లల మాట వచ్చింది గనక ఇది కూడా చెబుతాను. లిటిల్ లీగ్‌లో ఆడపిల్లలకు 1974లో గాని ప్రవేశం దొరకలేదు. మన దగ్గర 2025 పంతొమ్మిదేళ్ళలోపు ప్రపంచ కప్పులో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లండు మీద 110 పరుగులు చేసి, టోర్నమెంటు మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి అయింది. మన విశాఖ అమ్మాయి షబ్నమ్ ఆ జట్టులోనే ఉంది. కాబట్టి స్కూటరు వెనక సీటు మనవడికే అనుకోవద్దని మనవి.

మన ఊరి నితీశ్ కుమార్ రెడ్డి సంగతి చూడండి. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్ మీద 441 పరుగులు చేశాడు. పత్రికలు ఆ అంకెనే పెద్దక్షరాలలో వేశాయి. నాగాలాండ్ అప్పుడప్పుడే ఆట నేర్చుకుంటున్న జట్టు. కాబట్టి నేను చూసేది ఆ ఒక్క స్కోరును కాదు, ఆ సీజను మొత్తం: 1,237 పరుగులు, 26 వికెట్లు. అన్ని ఆటలు ఉండబట్టే అది సాధ్యమయింది. అక్కడినుంచి 2024 డిసెంబరులో మెల్బోర్న్ టెస్టు సెంచరీకి చేరడానికి ఏడేళ్ళు పట్టింది. తండ్రిగారు కొడుకు కోసం హిందుస్థాన్ జింకు ఉద్యోగం వదులుకున్నారు. ఆ కన్నీళ్ళు టీవీలో చూసి మనమూ కళ్ళు తుడుచుకున్నాం. అయితే అలా వదులుకుని, ఫలితం అందక ఊరుకున్న తండ్రులను టీవీ చూపించదు. అది కూడా మన పిల్లలకు చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. పుట్టినతేది.

మనలో చాలామందిమి జూలై 1న పుట్టాం! నవ్వకండి. అప్పట్లో బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు ఏది వేస్తే అదే తేదీ. ఎవరికీ నిజం తెలియదు గనక అలా జరిగింది. ఈనాడు జరుగుతున్నది వేరు. నిజం తెలిసి, ఆస్పత్రి కాగితం ఇంట్లో ఉండి, టోర్నమెంటు కోసం ఏడాదో రెండేళ్ళో తగ్గిస్తున్నారు. 2001లో విలియమ్స్‌పోర్ట్‌లో ఇదే జరిగింది. న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు పిచ్చరు ఒకడు ఒక్కరినీ బేస్ మీదకు రానీయకుండా ఒక ఆట ముగించాడు. అమెరికా అంతా మెచ్చుకుంది. తర్వాత విచారిస్తే పన్నెండేళ్ళు కాదు, పద్నాలుగేళ్ళని తేలింది. జట్టు ఫలితాలన్నీ కొట్టేశారు. తండ్రినీ, జట్టు నిర్వాహకుణ్ణీ జీవితాంతం నిషేధించారు.

మన దేశంలో 2015లో రాహుల్ ద్రావిడ్ పటౌడీ స్మారకోపన్యాసంలో ఈ వయస్సు మోసాన్నే గట్టిగా విమర్శించారు. క్రికెట్ బోర్డు పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయస్సు చూస్తుంది. 2020లో తమంత తాముగా నిజం చెప్పినవారికి క్షమాపణ ఇచ్చి, తర్వాత పట్టుబడినవారికి రెండేళ్ళ నిషేధం అని ప్రకటించింది.

ఒక తెలిసిన కుటుంబంవారు నా దగ్గరకు వచ్చి, "మీరు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో చేశారు కదా బాబాయిగారూ, ఆలస్యంగా రిజిస్టరు చేయించి ఒక సంవత్సరం తగ్గించడానికి దారి చెప్పండి" అని అడిగారు. కుర్రవాడు పక్కనే నిలబడి వింటున్నాడు. నేను వారికి చెప్పినది ఇదీ. ఏడాది దాటిన జననానికి 1969 చట్టం కింద అధికారి ఉత్తర్వు కావాలి, దానికి ప్రమాణ పత్రం ఇవ్వాలి, అంటే సంతకం పెట్టి అబద్ధం చెప్పాలి. ఆ తేదీ బడిలోకి, టెన్త్ సర్టిఫికెట్టులోకి, సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. అక్కడ ఎక్కాక 1984 నిబంధనల ప్రకారం రాతపొరపాటు తప్ప మార్చమని అడిగే హక్కే ఉండదు. రిటైరయ్యేదాకా ఆ అబద్ధాన్ని మోయాలి. అన్నిటికన్నా ముందు, పద్నాలుగేళ్ళ జట్టులో పదిహేనేళ్ళవాడు నిలబడితే నిజంగా పద్నాలుగేళ్ళున్న ఒక పిల్లవాడు ఇంట్లో ఉండిపోతాడు. వాళ్ళకు నా మాట నచ్చలేదు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. కుర్రవాడు మాత్రం వెళుతూ నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

కనుక టోర్నమెంటుకు డబ్బు ఇచ్చేముందు నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, మావాడికి కనీసం ఎన్ని ఆటలు దొరుకుతాయి? రెండు, గెలిచినవారు ఏ పై మెట్టుకు వెళతారు, లేక కప్పుతో సరా? మూడు, బౌలరు ఓవర్లకు, విశ్రాంతికి లెక్క ఉందా? నాలుగు, పిల్లల వయస్సు ఎవరు, ఏ కాగితం చూసి నిర్ధారిస్తారు? నాలుగింటికీ సరైన జవాబు వస్తే సంతోషంగా పంపండి. రాకపోతే ఆ డబ్బుతో ఊళ్ళోనే ఏడాది పొడుగునా లీగు ఆడించండి. ఇంగ్లీషులో అచ్చేసిన రంగుల కరపత్రం చూసి జంకవద్దు. ఎన్ని టెండరు కాగితాలు చూసి తప్పులు పట్టలేదు మనం!

మన సంఘానికి ఒక సూచన కూడా. మనలో స్కోరు రాయగలవారు, లెక్కలు చూడగలవారు, ఉదయం పూట ఖాళీగా ఉన్నవారు కనీసం పాతికమంది ఉంటారు. పేటలోని పిల్లలకు ఆదివారం లీగు ఒకటి పెడితే అంపైరు కుర్రవాళ్ళు దొరుకుతారు, రికార్డులు మనం రాయవచ్చు. ప్రతి పిల్లవాడికీ బ్యాటింగు ఇచ్చి తీరాలన్న నిబంధన మొదటి రోజే పెట్టుకుందాం. ఇష్టమైనవారు ఈ సభ అయ్యాక కార్యదర్శిగారి వద్ద పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.