కల్నల్ నాయుడు, కెప్టెన్ వెరిటీ
(పుదుచ్చేరిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ వరకే చదివినవాణ్ణి. ఉపన్యాసం నాకు చేతకాదు. ఫాలిన్‌లో జవాన్లతో మాట్లాడినట్టే మాట్లాడతాను.

మనం కూర్చున్న ఈ పుదుచ్చేరికి చెన్నై చెపాక్ మైదానం బస్సులో మూడు నాలుగు గంటల దారి. 1934 ఫిబ్రవరిలో అక్కడ మొట్టమొదటి టెస్టు మ్యాచ్ జరిగింది. భారత జట్టు కెప్టెన్ మన తెలుగువాడు కొఠారి కనకయ్య నాయుడు గారు. అవతల జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లాండు. ఆ జట్టులో హెడ్లీ వెరిటీ అనే ఎడమచేతి స్పిన్నరు ఉన్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మనవాళ్ళు 145కే అవుట్. మొత్తం మ్యాచ్‌లో అతనికి 11 వికెట్లు. మనం 202 పరుగులతో ఓడిపోయాం.

ఈ ఇద్దరి గురించే నేను చెప్పదలచుకున్నది.

నాయుడు గారిని లోకమంతా కల్నల్ అనే పిలిచింది. 1895లో నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1923లో ఇండోరు హోల్కర్ మహారాజు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత కల్నల్ అయ్యారు. సంస్థానం సైన్యం, క్రికెట్ చూసి ఇచ్చిన హోదా. "అది మన ర్యాంకు లాంటిదేనా?" అని మాలో కొందరు నవ్వుతుంటారు. నిజమే, ఆయన యుద్ధానికి వెళ్ళలేదు. ఆ మాట దాచి పొగడాల్సిన అవసరం నాకు కనబడదు.

చెపాక్ నాటికి వెరిటీ ఒట్టి సివిలియన్. 1932లో లీడ్స్‌లో నాటింగ్‌హామ్‌షైర్ మీద 10 పరుగులకు 10 వికెట్లు తీసినవాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆ రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు. బ్రాడ్‌మన్‌ను టెస్టుల్లో ఎనిమిది సార్లు అవుట్ చేశాడు. 1938లో యుద్ధం వచ్చేలా ఉందనిపించగానే తనకు తెలిసిన ఒక సైనికాధికారిని సలహా అడిగితే, ఆయన చదువుకోమని మిలటరీ పుస్తకాలిచ్చాడు. వెరిటీ వాటిని బౌలింగ్ నేర్చుకున్నంత శ్రద్ధగా చదివాడు. 1939 సెప్టెంబరు 1న హోవ్‌లో తన చివరి కౌంటీ మ్యాచ్‌లో 9 పరుగులకు 7 వికెట్లు తీశాడు. రెండు రోజులకు యుద్ధం మొదలైంది. గ్రీన్ హోవర్డ్స్ రెజిమెంటులో చేరాడు.

1942లో అతని బెటాలియన్ మన దేశానికే వచ్చింది. మనలో చాలామందికి రాంచీ తెలుసు కదా, అక్కడే అతను జిగట విరేచనాలతో బాగా బాధపడ్డాడు. తర్వాత పర్షియా, సిరియా, ఈజిప్టు, చివరికి సిసిలీ.

1943 జులై 19 రాత్రి కటానియా మైదానంలో దాడి. కెప్టెన్ వెరిటీ బి కంపెనీ కమాండరు. చుట్టూ కోతకొచ్చిన పంట. శత్రువు కాల్పులకు ఆ పంట అంటుకుంది. రాత్రి దాడి చేసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చీకటే మనకు ఆడ్. మంట లేచిందా, మన మనిషి ప్రతి ఒక్కడూ టార్గెట్టే. వెరిటీకి ఛాతీలో దెబ్బ తగిలింది. పడిపోయి కూడా ఆగకండి, ముందుకే వెళ్ళండి, ఆ ఇంట్లోంచి వాళ్ళను తరమండి అని తన వాళ్ళకు చెప్పాడు. కంపెనీ వెనక్కి రావాల్సి వచ్చింది. అతని పక్కన బ్యాట్‌మన్ ఒక్కడే ఉండిపోయాడు. (బ్యాట్‌మన్ అంటే బ్యాటు పట్టేవాడు కాదమ్మా, మన సహాయక్.) ఇద్దరూ జర్మన్లకు చిక్కారు. ఆ సహాయక్ పారిపోగలిగీ పారిపోలేదని నా నమ్మకం. పుస్తకాలవాళ్ళు వెరిటీ గురించి రాస్తారు. నాకైతే ఆ రెండోవాడి దగ్గర మనసు ఆగిపోతుంది.

సముద్రం దాటించి ఇటలీలో కసెర్తా ఆసుపత్రికి చేర్చారు. ఊపిరితిత్తిని నొక్కుతున్న పక్కటెముక ముక్క తీశారు. రక్తస్రావం ఆగలేదు. జులై 31న చనిపోయాడు. వయసు 38. ఇంగ్లాండులో ఆ కబురు ఖాయమైంది సెప్టెంబరు 1న, అంటే హోవ్ మ్యాచ్ జరిగి సరిగ్గా నాలుగేళ్ళకు.

అదే యుద్ధకాలంలో మన కల్నల్ గారు ఇండోరులో హోల్కర్ జట్టును నడిపిస్తున్నారు. పక్కనే మ్హౌ. మన ట్రైనింగ్ సెంటర్లున్న మ్హౌనే. అక్కడ ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ సార్జెంటుగా సైనికులకు పీటీ చెప్పేవాడు. ఆ సార్జెంటు 1944-45 రంజీ ఫైనల్లో కల్నల్ గారి జట్టు తరఫున బొంబాయి మీద 249 నాటౌట్ కొట్టాడు. అయినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. సంస్థానం కల్నల్ కింద బ్రిటిష్ సార్జెంటు. మన ఆర్డర్ ఆఫ్ ప్రిసిడెన్స్‌లో ఇది ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు!

నాయుడు గారు మెత్తటి మనిషి కాదు. 1936లో ఓవల్ టెస్టులో అలెన్ బంతి గుండె కింద గట్టిగా తగిలినా క్రీజు వదలకుండా 81 కొట్టారు. అరవై దాటాక కూడా రంజీ ఆడారు. చేతిలో ఉన్న పనిలో ఆయన వెనకడుగు వేయలేదు. కాబట్టి ఆయన్ని కల్నల్ అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. సెల్యూట్ మాత్రం, నన్నడిగితే, ముందు ఆ పంట చేలో పడిపోయిన కెప్టెన్‌కు, తర్వాత కల్నల్‌కు. నాయుడు గారే ఇక్కడుంటే ఒప్పుకునేవారనుకుంటాను. చెపాక్‌లో అతన్ని ఎదుర్కొన్నవారు కదా.

1954లో ఆస్ట్రేలియా వెళుతున్న ఇంగ్లాండు జట్టు ఓడ నేపుల్స్ రేవులో ఆగింది. కెప్టెన్ హట్టన్ దిగి కసెర్తా శ్మశానవాటికకు వెళ్ళి, తన పాత యార్క్‌షైర్ సహచరుడి సమాధి దగ్గర నిలబడి వచ్చాడు.

జై హింద్.