టేకు స్టంపులు నాటు విధానము



తొలకరికి టేకు స్టంపులు తెచ్చి మీలో చాలమంది నాటుచుందురు. రెండు నెలల తరువాత చూచినచో కొన్ని చిగురించును, కొన్ని ఎండిపోవును. స్టంపులు మంచివి కావని కొందరు, వాన చాలలేదని కొందరు అందురు. కాని పెక్కు చోట్ల లోపము మన చేతిలోనే ఉన్నది. నాటక ముందు వేరు ఎండుట, నాటిన తరువాత వేరుచుట్టు గాలి నిలుచుట, ఈ రెండే స్టంపునకు ముఖ్య శత్రువులు.

సుమారు ఏడాది వయసు నారును పెరికి, మొదలుకు పైన 2-3 సెంటీమీటర్ల కాండము, క్రింద 15-20 సెంటీమీటర్ల తల్లివేరు ఉంచి, పిల్లవేళ్లు కోసిన ముక్కయే స్టంపు. వేరులో నిలువయున్న ఆహారముతో అది చిగురించును. ఆ వేరులోని తడియే దాని ఆయువు. కనుక తడి గోనెలో చుట్టి తెచ్చుకొనుడు. ఆనాడు నాటలేకున్నచో నీడలో తడి ఇసుకలో కప్పి ఉంచుడు. బొటనవ్రేలి లావున్నవి ఏరుకొనుడు. బెరడు గోటితో గీరినచో లోపల తడి కనిపించవలెను.

నీరు నిలుచు నేల టేకుకు పనికిరాదు. నేల జానెడు లోతు తడిసిన పిమ్మట, 2 మీటర్ల ఎడముగా, గడ్డపారతో వేరుకంటె కొంచెము లోతుగా రంధ్రము చేయుడు. ఎకరమునకు సుమారు 1000 పట్టును. వేరు వంగకుండ నిలువుగా దింపి, మొదలు నేలమట్టముగా ఉంచుడు. తరువాత బెత్తెడు దూరములో గడ్డపార గ్రుచ్చి, మట్టిని వేరువైపు నెట్టి, కాలితో గట్టిగా అదుముడు. స్టంపును మెల్లగా లాగి చూడుడు. కదలినచో మరల అదుమవలెను.

చిగుళ్లు పలుమారు రెండు మూడు వచ్చును. జానెడు ఎదిగిన తరువాత బలమైన దానినొక్కదానిని ఉంచి తక్కినవి తీసివేయుడు. టేకు నీడకు ఓర్వదు. కావున మొదటి రెండేండ్లు కలుపు మొక్కను కప్పకుండ చూడవలెను.

కొన్ని స్టంపులను అదనముగా సంచులలో పెంచుకొని, చచ్చిన చోట్ల ఆ వానకాలమునందే నాటుడు. మరుసటి ఏడు నాటినది పెద్ద మొక్కల నీడలో గిడసబారును. టేకు ఏండ్ల తరబడి ఎదురుచూచు పంట. నాటునాడు ఒక్కొక్క స్టంపు వద్ద ఒక నిమిషము ఎక్కువ నిలిచినను నష్టము లేదు.