తివాచిని ఎవరి చేతికీయవలెను?

ఇంట తివాచి పరచుట ఒకప్పుడు జమీందారులకును, దొరలకును చెల్లిన వైభవము. నేడు సామాన్య గృహస్థుల ముందుగదులలోను, కల్యాణ మండపములలోను, బ్యాంకులలోను అది కనిపించుచున్నది. మా రేడియో స్టూడియోలలో అయితే అది అలంకారము కాదు. గచ్చుమీద పడి మారుమ్రోగు ధ్వనిని పీల్చుటకును, కాలి చప్పుడు మైక్రోఫోనునకు వినిపింపకుండుటకును పరచినది. కాని తివాచి ధ్వనిని పీల్చినట్లే ధూళిని, తడిని, వాసనను కూడ పీల్చును. పీల్చినదానిని మరల కక్కించుట ఎట్లు? ఆ పనికి ఎవరిని పిలువవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేడు ముచ్చటింతుము.

బట్ట మాసినచో ఉదుకుదుము. పాత్ర మాసినచో తోముదుము. ఈ రెండు మంచి అలవాట్లే తివాచికి పగవారు.

మొదట ఇంటనున్నది ఏ జాతిదో తెలిసికొనవలెను. జంపఖానాకును తివాచికిని భేదము కలదు. జంపఖానా పడుగుపేకలు మాత్రమే గల సాదా నేత. తరచుగా ప్రత్తినూలుతో నేసినది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు ఈ తరగతివి. నూలుది, రంగు గట్టిది అయినచో దానిని ఇంటనే చల్లని నీట ఉదుకుకొనవచ్చును. ముడి తివాచి అట్టిది కాదు. పడుగు పోగులకు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, వరుసవరుసకు పేక దట్టించి, నిలిచిన కొసలను కత్తెరతో సమముగా కత్తిరింతురు. పారశీకమునుండి వచ్చి స్థిరపడిన పనివారి వలన ఈ విద్య ఏలూరున వెలసినదని ప్రసిద్ధి. వరంగల్లులో కూడ ఒకప్పుడు ఇట్టివి నేసెడివారు. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు వరంగల్లు తివాచీలు వెళ్లినవి.

ఒక లెక్క చెప్పెదము. చదరపు అంగుళమునకు 60 ముడులు గల తివాచి మిక్కిలి సన్నని పనితనము గలది కాదు. అయినను, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గల అట్టి తివాచిలో 4,66,560 ముడులుండును. అన్నియు చేతితో వేసినవే. దానిని పాడుచేయుటకు మాత్రము ఒక బక్కెట్టు వేడినీరు, ఒక మధ్యాహ్నము చాలును.

మూడవ జాతి ఇంకొకటి కలదు. బజారులో 'చేతిపని' యని అమ్మువానిలో పెక్కు ఇట్టివే. ఇందు ముడి యుండదు; ఉన్నిపోగులను యంత్రపు సూదితో గుడ్డలోనికి గ్రుచ్చి, వెనుక రబ్బరు జిగురు పూసి, దానిపై మరియొక గుడ్డ అంటింతురు. గుర్తించుట సులభము. తివాచిని వెనుకకు త్రిప్పి చూచినచో, ముడి తివాచికి ముందున్న చిత్రమే వెనుకను కనిపించును. జిగురు తివాచికి వట్టి గుడ్డ కనిపించును. ఇట్టి తివాచిని నీట ముంచినచో జిగురు విడిపోవును. ఒక్కొక్కప్పుడు ఎన్నటికిని పోని దుర్వాసన పట్టును. నారయేదో తెలియనిచో అంచుననున్న ఒక్క పోగు తీసి వెలిగించి చూడవచ్చును. ఉన్నియైనచో వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, వ్రేళ్ల మధ్య నలిగిపోవు మసి మిగులును. కృత్రిమ నారయైనచో కరగి గట్టి పూసవలె అగును. పట్టువలె మెరయుచు పట్టు కాని విస్కోసు తివాచీలు కొన్ని కలవు. తడిసినచో వాని పోగు బలహీనమై, పసుపుపచ్చ చారలు పడును. అట్టిదానిని నీటితో శుభ్రము చేయుట సాహసమే.

తివాచిని చంపునది పైకి కనిపించు మురికి కాదు. అడుగున చేరిన ఇసుకరేణువు దానిని చంపును. అది ముడి మొదట కూర్చుండి, మనము అడుగువేసినప్పుడెల్ల చిన్న రంపమువలె పోగును కోయుచుండును. అందుచేత ఏటికొకసారి ఉదికించుట కంటె వారమునకు రెండుసార్లు ధూళి తీయుట మేలు. 1901లో ఇంగ్లండున హ్యూబర్టు సెసిల్ బూత్ వాక్యూం క్లీనరును నిర్మించినప్పుడు అది గుఱ్ఱపుబండి మీద వీధిలో నిలిచి, పొడవైన గొట్టములతో ఇండ్లలోని ధూళిని లాగెడిది. నేడది చంకన పెట్టుకొనునంతటిది. అది లేనివారు తివాచిని శుభ్రమైన నేలపై బోర్ల పరచి, వెనుక వైపున పలుచని బెత్తముతో మెల్లగా తట్టినచో ఇసుక తనంతట రాలును. పిట్టగోడ మీద వ్రేలాడవేసి రోకలితో బాదినట్లు బాదుట మాత్రము తగదు.

ఇక పనివారి సంగతి. నురుగు ఎక్కువగా వచ్చినచో శుభ్రమైనదని మనవారికొక నమ్మకము. ఆ నమ్మకమును ఆశ్రయించియే కొందరు బ్రతుకుచున్నారు. సబ్బు పూర్తిగా పోనిచో పోగున జిగటగా నిలిచి, కొత్త ధూళిని పిలిచి కూర్చుండబెట్టును. ఉదికించిన రెండు నెలలకే తివాచి మునుపటికంటె నల్లబడినదని గృహిణులు చెప్పుటకు ఇదియే కారణము. ఉన్ని మన వెండ్రుకల వంటి పదార్థము. కుంకుడుకాయ రసము వంటి మృదువైనదానిని సహించును, చాకలిసోడాను సహింపదు. వేడి, క్షారము, రాపిడి మూడును కలిసినచో ఉన్ని అట్టకట్టి ముడుచుకొనును. బ్లీచింగు ద్రావకము దానిని కరగించును. మరకలను 'తినివేయు' నవీన డిటర్జెంటు పొడులలోని కొన్ని ఎంజైములు మరకతోపాటు ఉన్నిని కూడ తినును.

మాకు పరిచయమున్న ఒక ఉపాధ్యాయుని ఇంట ఏలూరు తివాచి ఒకటి ఉండెడిది. ఆయన తల్లిగారు తాను కూడబెట్టిన సొమ్ముతో, మనుమరాలి పెండ్లినాటికని కొన్నది. పెండ్లి పదునైదు దినములుండగా, వీధిలో కరపత్రము పంచిన వానిని పిలిచిరి. అతడు తివాచిని త్రిప్పి చూడలేదు. ఉన్నియా, నూలా యని అడుగలేదు. సోడానీరు కుమ్మరించి, కొబ్బరిపీచు కుంచెతో రుద్ది, డాబా పిట్టగోడపై వ్రేలవేసెను. సాయంకాలమునకు ఎరుపు తెలుపులోనికి పారినది. తడి ఆరకముందే చుట్టి మూలనుంచుటచే పడుగు నూలునకు బూజు పట్టి, మడత పడిన చోట చిట్లినది. ఏలూరుననే ఒక నేతపనివానికి చూపగా, తెగిన పడుగును ఎక్కించి ముడులు వేయగలనుగాని, పారిన రంగును వెనుకకు పిలువలేనని చెప్పెను. ఆ పెద్దామె పెండ్లిలో ఆ తివాచి మీద కూర్చుండవలెనని అనుకొన్నది. చాప మీద కూర్చున్నది.

కావున మేము చెప్పునది ఒక్కటే. మంచి పనివానిని అతని యంత్రమును బట్టి కాక, పని మొదలిడుటకు ముందు అతడడుగు ప్రశ్నలను బట్టి తెలిసికొనవలెను. ఎరిగినవాడు వచ్చినంతనే తివాచిని వెనుకకు త్రిప్పును. నార యేది, ఎక్కడ కొన్నారు, ఎన్నేండ్లైనది, మునుపు ఏమి పోసినారు, ఇంట కుక్కపిల్లయున్నదా, పసిబిడ్డలున్నారా యని అడుగును. తెల్లని గుడ్డ తడిపి ఒక్కొక్క రంగుపై కొన్ని నిమిషములు అదిమి పట్టి, రంగు దిగుచున్నదేమో చూచును. చినిగిన అంచును, వెలసిన భాగమును మనకు చూపి కాగితముపై వ్రాసికొనును. ఈ వ్రాత మనకును రక్ష, అతనికిని రక్ష. కొలిచి, చదరపు అడుగునకు ఇంతయని ధర చెప్పి, అందు మోతకూలి చేరినదో లేదో ముందే తెలుపును. చూడకయే ఫోనులో అతి చౌక ధర చెప్పి, ఇంటికి వచ్చిన పిదప 'మరకకు వేరు, వాసనకు వేరు' అని పెంచువానిని గుమ్మము నుండియే పంపివేయుట మంచిది.

అన్ని మరకలు పోవునని ప్రమాణము చేయువానిని కూడ మేము నమ్మము. మన ఇండ్లలో పసుపు మరక సామాన్యము. పసుపునకు సున్నము తగిలినచో ఎఱ్ఱబడునని పారాణి కలిపిన ప్రతి ఇల్లాలికిని తెలియును. సోడా తగిలినను అంతే. పసుపు చారు ఒలికినచోట సబ్బు రుద్ది, ఎఱ్ఱని మచ్చ చూచి నెత్తురేమోయని బెదరినవారు కలరు. చేయవలసినది వేరు: ఒలికినదానిని చెంచాతో ఎత్తి, పొడిగుడ్డతో అద్ది, చల్లని నీటితో తడిపి మరల అద్దవలెను, రుద్దరాదు. మిగిలిన పసుపుచాయ ఎండ సోకిన కొలది తానే తగ్గును. నేయి ఒలికినచో బియ్యపుపిండి చల్లి, అది పీల్చిన పిదప ఎత్తివేయవలెను. పాలకు వేడినీరు పనికిరాదు. కాఫీకి ఆలస్యము పనికిరాదు.

ఇంకొక ప్రశ్న మనము అడుగవలసినది: 'ఎక్కడ ఆరబెట్టెదరు?' దీనికి తడబడినవానికి తివాచినీయరాదు. ఉన్ని తన బరువులో మూడవవంతు తడిని దాచుకొనియు పైకి పొడిగానే తోచును. లోపలి నూలు అంతవరకు ఓర్వదు. నీరు పిండి, ముందు వెనుకలు గాలి తగులునట్లు సమముగా పరచి, పంకా గాలిలో ఆరబెట్టవలెను. తీక్ష్ణమైన ఎండ రంగులను హరించును. కోస్తా జిల్లాలలో వానకాలమున గాలియే తడిగా ఉండును గనుక, ఆ నెలలలో తివాచి ఉదికించుటకు తొందరపడరాదు. సంక్రాంతి మొదలు వేసవి వరకు అనువైన కాలము. గది యంతటను అంటించిన తివాచీలను ఎత్తుటకు వీలులేదు. అక్కడ పోసిన నీటిని ఎంతవరకు మరల లాగివేయునో అదియే యంత్రము యొక్క యోగ్యత. మా స్టూడియోలకు తడి అసలే గిట్టదు. అక్కడ పొడి పద్ధతినే కోరుదుము.

తివాచి ఇంటికి తిరిగి వచ్చిననాడు ముఖము చూచి మురిసి కూలి ఈయక, వెనుక చేయి పెట్టి చూడవలెను, ముక్కుతో వాసన చూడవలెను. చేతికి చల్లగా తగిలినను, సబ్బు జిగట తోచినను, మరల తీసికొనిపొమ్మని చెప్పుటకు మొగమాటపడరాదు. పరచునప్పుడు పోయినసారి గోడవైపునున్న కొసను ఈసారి వాకిటివైపునకు త్రిప్పినచో అరుగుదల ఒకచోటనే పడదు. మంచము క్రింద, బీరువా క్రింద చిక్కిన భాగమును నెలకొకసారి ఎత్తి చూడవలెను. చిమ్మెట చీకటిలో, కదలిక లేనిచోట గ్రుడ్లు పెట్టును. ఎత్తి దాచవలసివచ్చినచో మడవక, పూర్తిగా ఆరినపిదప గుండ్రముగా చుట్టి, నూలుగుడ్డలో పొదిగి, నేలకు తగులకుండ బల్లపై ఉంచవలెను.