పొయ్యిలో కవరు వేస్తే



దిల్‌సుఖ్‌నగర్‌లో రాత్రి షాపులు కట్టేసే వేళకు రోడ్డు పక్కన ఎన్ని కవర్లు పడి ఉంటాయో అందరికీ తెలుసు. ఎల్బీనగర్ దాకా అదే సంగతి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఆ కవర్లు నీళ్లు కాగబెట్టడానికి పనికొస్తాయనిపిస్తుంది. కవరు భగ్గున మండుతుంది. కట్టెల ఖర్చు తగ్గుతుంది.

కవరు ఎందుకంత బాగా మండుతుంది? అది కూడా పెట్రోలు లాగా ముడి నూనె నుంచి పుట్టిందే. కిలో పాలిథిన్ కవర్లలో కిలో బొగ్గు కన్నా ఎక్కువ వేడి ఉంది.

కాని ఇంటి పొయ్యి వేడి దానికి చాలదు. ప్లాస్టిక్ సగం సగం కాలి నల్ల పొగ వస్తుంది. పైపు ముక్కలు, వైరు తొడుగులు పీవీసీతో చేస్తారు. అవి కాలితే డయాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కంటికి కనపడదు. ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోదు. కేన్సర్ తెస్తుంది. పొయ్యి ముందు కూర్చునేది తల్లి. పక్కన ఆడుకునేది బిడ్డ.

మరి ఆ వేడి వృథాయేనా? కాదు. హైదరాబాదు చెత్త జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ మట్టి, రాయి, ఇనుము తీసేస్తారు. మిగిలిన ప్లాస్టిక్, గుడ్డ, కాగితం ముక్కలు చేస్తారు. దీన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. అంటే చెత్త నుంచి తీసిన ఇంధనం. కొన్నిచోట్ల దాన్ని ఒత్తి బిళ్లలు కూడా చేస్తారు. మన పిడకల లాగానే! జవహర్‌నగర్‌లో 2020లో దీనితో కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. సిమెంటు ఫ్యాక్టరీలు కూడా దీన్ని బొగ్గుతో కలిపి వాడతాయి. సిమెంటు బట్టీలో వేడి సుమారు 1450 డిగ్రీలు. ఆ వేడికి విషాలు చాలావరకు విరిగిపోతాయి. పొగను వడకట్టే యంత్రాలూ ఉంటాయి. అయినా యార్డు చుట్టుపక్కల వాళ్లు వాసన గురించి, చెడిన నీళ్ల గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మన చెత్త పోయేది వాళ్ల ముంగిటికే.

ఇంకో చిక్కుంది. పచ్చి పిడక మండుతుందా? కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం అంటుకున్న కవరూ అంతే. తడి ఆరడానికే వేడి పోతుంది. అందుకే 2015లో హైదరాబాదులో ఇళ్లకు రెండేసి డబ్బాలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం రంగుది పొడి చెత్తకు. కొందరు వాటిలో బియ్యం పోసుకున్నారు! డబ్బా లేకపోతే పాత సంచి గోడకు తగిలించినా చాలు.

పాల కవర్లు కడిగి ఆరబెడితే పాత సామాన్ల వాళ్లు కొంటారు. సీసాలూ కొంటారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు ఎవరూ కొనరు. ఇంధనానికి పోవలసినవి అవే. వాటిని పొడిగా ఉంచి చెత్త ఆటోలో వేరుగా వేయాలి.