రోగి పత్రము రోగి చేతనే యుండవలెను
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



"ఏ మందులు వాడుచున్నావు?" అని వైద్యుడు అడుగును. "తెల్ల బిళ్ళలండీ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని రోగి చెప్పును. తెల్ల బిళ్ళలు వందల రకములు కలవు. ఈ సమాధానములో ఎంతటి ముప్పు దాగియున్నదో నేడు మీకు మనవి చేయదలచినాము.

మధుమేహమునకు గ్లిమిపిరైడ్ అను మందు కలదు. దానిని పలు కంపెనీలు పలు పేర్లతో అమ్ముచున్నవి. స్వగ్రామమున ఒక పేరుతో దానిని వాడుచున్న వృద్ధురాలు, కూతురింటికి పోయి అచ్చటి వైద్యునికి చూపించుకొనెననుకొందము. పాత చీటి లేనిచో ఆయన అదే మందును వేరొక పేరుతో వ్రాయవచ్చును. రెండును మ్రింగినచో రక్తములోని చక్కెర మిక్కిలి పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పి, ప్రాణమునకే ముప్పు రావచ్చును. అట్లే రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు తెలియక నొప్పుల బిళ్ళలు వేసికొన్నచో రక్తస్రావము కలుగు ప్రమాదము హెచ్చును. ఒక వైద్యుడు వ్రాసినది వేరొకరికి తెలియకపోవుటయే ఈ యనర్థములకు మూలము.

ఈ లోపమును తీర్చు ఉద్దేశముతో భారత ప్రభుత్వము 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతట ప్రారంభించినది. దీని క్రింద కోరినవారికి 'ఆభా' అను 14 అంకెల సంఖ్య ఉచితముగా లభించును. ఈ సంఖ్యతో జతపరచిన మందుచీటీలను, పరీక్షా ఫలితములను రోగి తన సెల్‌ఫోనులోనే చూచుకొనవచ్చును. రోగి అనుమతించిననే వైద్యుడు వానిని చూడగలడు. అయితే సంఖ్య పొందినంతనే పని తీరదు. ఆసుపత్రివారు పత్రములను దానితో జతపరచినగాని అందు ఏమియు కనిపింపదు. కావున ఆసుపత్రికి పోయిన ప్రతిసారియు ఆ సంఖ్యను చెప్పి, పత్రములు జతపరచుడని అడుగవలెను. పాత కాగితములను పారవేయరాదు.

ఫోను లేనివారును నిరాశ చెందనక్కరలేదు. రోగి గాని, అతడు అధికారమిచ్చిన సహాయకుడు గాని తన చికిత్సా పత్రములను కోరినచో 72 గంటలలోపల ఈయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు చెప్పుచున్నవి. అడుగుట రోగి హక్కు.

ఇక మీ కర్తవ్యము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశమున ఈ విషయమును చర్చింపుడు. దీర్ఘవ్యాధులకు మందులు వాడు వృద్ధులు ఎందరు కలరో ఆశా కార్యకర్తతో కలిసి గుర్తింపుడు. ప్రతివారి యొద్దను మందుల అసలు పేర్లు, మోతాదులు, పడని మందులు వ్రాసిన కాగితమొకటి ఉండునట్లు చూడుడు. మందు వికటించినచో ముందుగా వైద్యుని చూపించి, పిదప 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్యకు తెలియజేయవచ్చునని చాటింపుడు.

ఒక హెచ్చరిక. సహాయము చేయు నెపమున ఇతరుల ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను అడిగి ఉంచుకొనరాదు. ఒకరి రోగము రచ్చబండ ముచ్చట కారాదు. క్షయరోగి గాని, గర్భిణి గాని తన గుట్టు బయటపడునని జంకినచో పత్రమును దాచును. దాచిన పత్రము ఎవరిని కాపాడును?

పొలము పాసుపుస్తకమును పెట్టెలో ఎంత భద్రముగా దాచుకొందుమో, ఈ పత్రమును అంత భద్రముగా దాచవలెను. కాని వైద్యుని యెదుట మాత్రము మరువక తెరువవలెను. ఈ యలవాటు మీ యిండ్లనుండియే ఆరంభము కావలెనని కోరుచున్నాము.